ఆల్చిప్ప నెత్తురు దగ్గుకు మందా?

ప్రశ్న: మాస్టారూ, మాది ముత్తుకూరు దగ్గర పల్లె. క్రీకులో రాళ్లకు పట్టిన ఆల్చిప్పలు ఒలుస్తుంటే మొన్న నా వేలు తెగింది. చిప్పలోంచి మాత్రం నీళ్లు తప్ప ఎర్రటి చుక్క రాలేదు. వీటికి నెత్తురుండదా? ఆస్ట్రేలియాలో ఆల్చిప్ప నెత్తురులో మందు కనిపెట్టారంట, పచ్చివి తినిపిస్తే మా బాబుకు దగ్గు తగ్గుతుందని పక్కింటి అక్క అంటోంది. తినిపించనా?
– ఒక పాఠకురాలు

జవాబు: తినిపించొద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది చెబుతాను.

మీరు చూసిన నీళ్లలోనే నెత్తురుంది. హిమోగ్లోబిన్ లేదు గనుక ఎరుపుండదు. నేను జువాలజీ చెప్పే రోజుల్లో చిప్ప అంచున ఆకురాయితో గాటు పెట్టి, కండ దగ్గరికి సన్నటి సూది పోనిచ్చి కాస్త తీసేవాళ్లం. బియ్యం కడిగిన రెండో నీళ్లలా ఉండేది. మైక్రోస్కోపు కింద పెడితే గుండ్రటి కణాలు కాసేపటికే గాజుకు అతుక్కుని, కాళ్లు చాపినట్టు పరుచుకునేవి. బాక్టీరియాను మింగేవి అవే. బెల్లు కొట్టినా పిల్లలు లేచేవాళ్లు కాదు.

చెంచాడు సముద్రపు నీళ్లలో లక్షల బాక్టీరియా ఉంటాయి. ఆల్చిప్ప ఆ నీళ్లనే గంటకు లీటర్ల కొద్దీ వడకట్టుకుని బతకాలి. మనకున్నట్టు యాంటీబాడీలు దానికి లేవు. రొయ్యకూ అంతే, వైట్ స్పాట్ తెగులు వస్తే మన రైతులు పడే టెన్షన్ వెనక అదీ ఒక కారణం. ఆల్చిప్పను కాచేది ఆ కణాలు, వాటితోపాటు నెత్తురులోని ప్రోటీన్లు. లెక్టిన్లు బాక్టీరియా ఒంటి మీది చక్కెరలను గుర్తుపట్టి అంటుకుంటాయి. లైసోజైమ్ దాని గోడను కోస్తుంది. మన కన్నీళ్లలోనూ ఉంటుందది, 1922లో ఫ్లెమింగ్ పేరు పెట్టాడు. నాకు మరీ ఇష్టమైనవి డిఫెన్సిన్లు. గోడ కట్టుకోవడానికి బాక్టీరియా తెచ్చుకున్న ఇటుకలనే పట్టేసుకుంటాయవి!

మీరు విన్న వార్త 2025 నాటిది. సిడ్నీ రాక్ ఆయిస్టర్ అనే ఆస్ట్రేలియా ఆల్చిప్ప నెత్తురులోని ప్రోటీన్లు న్యుమోనియా తెచ్చే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాను అణిచాయి, కొన్ని యాంటీబయాటిక్స్ బలాన్ని కూడా పెంచాయి. అయితే అదంతా ప్రయోగశాలలో; మనుషులకిచ్చే మందు ఇంకా కాలేదు. చిప్పను పచ్చిగా తింటే, అది వడకట్టి దాచుకున్న విబ్రియో క్రిములూ కడుపులోకి పోతాయి. కూరకైతే బాగా ఉడికించి వండుకోండి. బాబును డాక్టరుకు చూపించండి, దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష తప్పదు.

మీ వేలి సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. విబ్రియో తెగిన చోటునుంచీ ఎక్కుతుంది. వాపో జ్వరమో ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, టీటీ గురించీ అడగండి. ఈసారి ఒలిచేటప్పుడు చిప్ప పట్టుకునే చేతికి గోనెగుడ్డ రెండు మడతలు చుట్టుకోండి.