మస్టాంగ్‌కు కొత్త రంగు: అరవై వేలా, రెండు లక్షలా?

ప్రశ్న: చిన్నప్పటి నుంచి నాకు స్పోర్ట్స్ కార్లంటే ప్రాణం. హోటల్ వ్యాపారం కాస్త నిలదొక్కుకోవడంతో ఈమధ్య బెంగళూరులో 2018 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, పసుపు రంగుది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రిజిస్ట్రేషన్ ఇంకా కర్ణాటకదే. అసలు పెయింట్ జోలికి పోకుండా మిలిటరీ ఆకుపచ్చ రంగు మ్యాట్ వినైల్ ర్యాప్ (ఒంటి నిండా అంటించే మెరుపులేని ప్లాస్టిక్ ఫిల్మ్) చేయించాలని ఉంది. తిరుపతిలో ఒకరు 60 వేలు, రెండు రోజుల పని అన్నారు. చెన్నైలో లక్షా 40 వేలు, జీఎస్టీ అదనం, అయిదు రోజులు. బెంగళూరులో 2 లక్షల 10 వేలు. ఒకే పనికి ఇంత తేడా ఎందుకు?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ధర సంగతి తర్వాత. ముందు ఆ రంగు ఆలోచన మానుకోండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకు మాత్రమే. వేసింది పెయింట్ కాదు, ఫిల్మ్ అని రోడ్డు మీద ఆపినవారితో వాదనకు దిగే పరిస్థితి మీకు వద్దు. ముదురు బూడిద, నీలం, ఏదైనా ఎంచుకోండి. అయితే ఏ రంగైనా ఆర్సీలో నమోదు కావలసిందే. ఆర్సీలోని వివరాలకూ బండికీ తేడా రాకూడదు. మీది పొరుగు రాష్ట్రపు బండి. అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, పసుపు రంగుతోనే ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్పించుకోండి. ఆ పని పూర్తయ్యాక రంగు మార్పుకు రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. ఇవన్నీ అయ్యాకే ఫిల్మ్ కొనండి.

ఇక ధర. చిత్తూరులో లారీల మీద అక్షరాలు రాసే పనితో మొదలుపెట్టి, స్టిక్కర్ కటింగ్ మీదుగా కార్ల ఫిల్మ్ దాకా వచ్చినవాణ్ణి కాబట్టి ఈ తేడా ఎక్కడిదో చెప్పగలను. వినైల్ రెండు రకాలు. ఒకటి క్యాలెండర్డ్: ముద్దను వేడి రోలర్ల మధ్య నొక్కి, సాగదీసి పలచన చేస్తారు. ఆ సాగిన బిగువు ఫిల్మ్‌లో ఉండిపోతుంది. ఎండ తగిలినప్పుడల్లా అది వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. రెండోది కాస్ట్: ద్రవాన్ని పలచగా పోసి, కాల్చి ఆరబెడతారు. బిగువు ఉండదు కనుక వంపులో ఎలా కూర్చోబెడితే అలా కూర్చుంటుంది. దాని మందం 50 మైక్రాన్ల చుట్టుపక్కల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మే నెలలో మన తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన ఎండలో నిలబడే కారుకు కాస్ట్ ఫిల్మ్ తప్ప మరొకటి వద్దని గట్టిగా చెబుతాను.

ఈ రోల్ వెడల్పు 1.52 మీటర్లు. మీ కారు పొడవు దాదాపు 4.8 మీటర్లు కనుక, కోతలో పోయేది కలుపుకుని 18 నుంచి 20 మీటర్లు కావాలి. త్రీఎం, ఏవరీ డెనిసన్ లాంటి పేరున్న కంపెనీల కాస్ట్ ఫిల్మ్ అన్ని మీటర్లు కొంటే ఆ ఖర్చే 60 వేలకు దగ్గరగా ఉంటుంది, ఒక్కోసారి దాటుతుంది. మరి అదే 60 వేలలో ఇద్దరు మనుషుల కూలి, షాపు అద్దె, లాభం ఎక్కడి నుంచి వస్తాయి? ఆ షాపువారు చెడ్డవారని నేను అనడం లేదు. వారు వేసేది వేరే సరుకు, చేసేది వేరే పని. రోల్ అట్టపెట్టె మీద కంపెనీ పేరు, సిరీస్, బ్యాచ్ నంబరు చూపించమనండి. బిల్లులో రాయించండి.

అసలు ఖర్చు మాత్రం విప్పడంలో ఉంది. మామూలు సెడాన్‌తో పోలిస్తే మస్టాంగ్ వెనక చక్రాల పైన ఒళ్ళు బాగా ఉబ్బి ఉంటుంది, ముందు బంపర్‌లో లోతైన గుంతలుంటాయి. పద్ధతిగా చేసేవారు బంపర్లు, లైట్లు, డోర్ హ్యాండిళ్ళు విప్పి, ఫిల్మ్‌ను అంచు చుట్టూ లోపలికి మడిచి, ఆ మడతలనూ గుంతలనూ హీట్ గన్‌తో మళ్ళీ వేడి చేసి స్థిరపరుస్తారు. రెండు రోజుల్లో ముగించేవారు ఏదీ విప్పరు. కారు మీదే బ్లేడుతో కోస్తారు. ఆ గీత ఫిల్మ్ తీసిన రోజున మీ పసుపు పెయింట్ మీద కనబడుతుంది. కాబట్టి ఏ షాపుకు వెళ్ళినా ఆరు నెలల కిందట చేసిన కారు ఒకటి చూపించమనండి. తలుపు తెరిచి అంచు మీద వేలు పోనివ్వండి. ఫిల్మ్ లోపలికి తిరిగి ఉందా, అంచు దగ్గరే తెగి ఉందా? బంపర్ మూలల్లో రంగు తెల్లగా పలచబడిందా? పలచబడితే అక్కడ అతిగా సాగదీశారన్నమాట. తలుపు సందుల్లో పాత రంగు అలాగే ఉంచుతారా, అక్కడా ఫిల్మ్ వేస్తారా అని కూడా అడగండి. పసుపు మీద వేరే రంగు కనుక తలుపు తెరిచినప్పుడల్లా తెలుస్తుంది. బెంగళూరు ధరలో ఆ పని ఉందేమో కనుక్కోండి. ఉంటే తేడాలో కొంత దానికే పోతుంది.

సెకండ్ హ్యాండ్ కారు కదా, ఇంకో జాగ్రత్త. పెయింట్ మందం కొలిచే గేజ్‌తో ప్రతి ప్యానెల్ చూపించండి. ఫ్యాక్టరీ పెయింట్ సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఎక్కడైనా బాగా ఎక్కువ వస్తే అక్కడ లప్పం పెట్టి మళ్ళీ పెయింట్ కొట్టారని అర్థం. అలాంటి చోట ఫిల్మ్ తీసేటప్పుడు పెయింట్ కూడా ఊడి రావచ్చు. మీ కారుకు బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియంవి. ఇనుముకు మాత్రమే పనికొచ్చే చవక గేజ్ అక్కడ ఏమీ చెప్పదు. రెండు లోహాలకూ పనిచేసేది ఉన్నవారి దగ్గరికే వెళ్ళండి.

నా సలహా: తలుపు అంచులు నచ్చితే చెన్నైలో చేయించండి. 18 శాతం జీఎస్టీతో లక్షా 65 వేల 200 అవుతుంది. తీసేటప్పటి ఖర్చు ఎవరిదో కూడా ముందే రాయించుకోండి. ఆకాశం వైపు ఉండే బానెట్, రూఫ్, డిక్కీ పక్కల కంటే త్వరగా పాడవుతాయి, కంపెనీలు ఆ భాగాలకు వారంటీ తక్కువ ఇచ్చేది అందుకే. గడువు దాటాక కూడా అలాగే వదిలేస్తే ఫిల్మ్ పెళుసెక్కి ముక్కలుగా ఊడుతుంది, జిగురు కారుకే ఉండిపోతుంది. ఆ డబ్బు చేతిలో లేకపోతే 60 వేల పనికి వెళ్ళవద్దు. ఇంకొన్నాళ్ళు పసుపు కారే నడపండి. అది చూడముచ్చటైన రంగు.

పుత్తూరు మీదుగా చెన్నై వెళ్ళే దారిలో టిప్పర్ల వెనక నుంచి ఎగిరే రాళ్ళను ఈ ఫిల్మ్ ఆపుతుందని మాత్రం అనుకోకండి. దానికి పీపీఎఫ్, అంటే పెయింట్‌ను కాపాడే ప్రత్యేక ఫిల్మ్ కావాలి. అది పాలీయురేథేన్, 150 నుంచి 200 మైక్రాన్ల మందం. ఖరీదు కూడా ఎక్కువే.

ప్రశ్న: మా కారుకు మ్యాట్ ర్యాప్ వేయించాం. ఆయుధ పూజకు పసుపు, కుంకుమ పెట్టవచ్చా?
– ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: తప్పకుండా పూజ చేయండమ్మా. బొట్లు మాత్రం నంబర్ ప్లేటు మీద, ముందు అద్దం మీద పెట్టండి. మ్యాట్ ఫిల్మ్ గరుకుదనంలో పసుపు ఇంకితే వదలడం కష్టం, రుద్దితే ఆ చోటు నున్నగా మెరుస్తుంది. గుమ్మడికాయ కొట్టేటప్పుడు ఎర్ర నీళ్ళు చిందకుండా కారును కాస్త వెనక్కి పెట్టండి. చిందితే అప్పటికప్పుడే కారు షాంపూ కలిపిన నీళ్ళతో, మెత్తని గుడ్డతో తుడవండి. పెట్రోలు, థిన్నర్ వాడవద్దు. ప్రెషర్ వాషర్‌ను ఫిల్మ్ అంచుల దగ్గరికి తీసుకురానివ్వకండి.