మీటర్ 180 చూపిస్తోంది... ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నాం. మా బాబుకు ఏడేళ్లు. ఆస్తమా ఉందని డాక్టరు ఇన్‌హేలర్ రాశారు. వాడుతున్నా రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు పూర్తిగా తగ్గడం లేదు. ఇంట్లో గాలి ఎలా ఉందో చూద్దామని ఒక మీటర్ కొన్నాం. సాయంత్రాలు అది 180 వరకు చూపిస్తోంది. ల్యాబ్ వాళ్లతో గాలి పరీక్ష చేయించాలా? ప్యూరిఫయర్ కొంటే సరిపోతుందా?
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ముందుగా ఆ 180 దేనిని సూచిస్తోందో చూడండి. మీటర్లలో రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. ఒకటి ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అనే అతిసూక్ష్మ ధూళి ఎన్ని మైక్రోగ్రాములుందో చెప్పేది, రెండోది దాన్నిబట్టి లెక్కగట్టిన ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ. మన దేశపు సూచీలో 180 అంటే దాదాపు 85 మైక్రోగ్రాములు. మీ మీటర్ చూపేది నేరుగా మైక్రోగ్రాములైతే ధూళి అంతకు రెట్టింపు ఉన్నట్టు. కొన్ని మీటర్లు అమెరికా సూచీని చూపుతాయి గనుక మైక్రోగ్రాములనే నమ్ముకోవడం మేలు. 24 గంటల సగటు 15 మైక్రోగ్రాములు మించకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బయటి గాలికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం 60. ఇవి రోజంతటి సగటుకు సంబంధించినవి కాబట్టి, పోపు వేసినప్పుడు అంకె ఎగబాకిందని బెంబేలెత్తనక్కర్లేదు. అది ఎంతసేపటికి దిగుతోందన్నదే గమనించాలి.

ఒక వారం పాటు మీటర్‌ను బాబు పడుకునే గదిలో, మంచం ఎత్తులో, కిటికీకీ ఏసీ గాలికీ దూరంగా ఉంచి, అంకె పెరిగినప్పుడల్లా ఆ సమయంలో ఇంట్లో ఏం జరుగుతోందో ఒక కాగితం మీద రాయండి. మధ్యమధ్యలో బాల్కనీలోనూ పెట్టి చూడండి. బయటకన్నా లోపలే ఎక్కువుంటే కారణం ఇంట్లోనే ఉంది. వర్షం రోజుల్లో, తేమ 80 శాతం దాటినప్పుడు ఈ చిన్న మీటర్లు నీటి తుంపరలను కూడా ధూళిగా లెక్కేసి ఎక్కువ చూపుతాయని గుర్తుంచుకోండి.

సాయంత్రాలే ఎక్కువ చూపిస్తోందన్న మాట నాకు ముఖ్యంగా తోస్తోంది. మన ఇళ్లలో దోమలు వస్తాయని పొద్దుగూకే వేళకు కిటికీలన్నీ మూసేస్తాం. సరిగ్గా అప్పుడే దేవుడి దగ్గర అగరుబత్తి, మూలన దోమల కాయిల్, వంటింట్లో రాత్రి వంట మొదలవుతాయి. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేదానితో సమానమని 2003లో ఒక పరిశోధన తేల్చింది. ఆస్తమా ఉన్న పిల్లవాడు పడుకునే గదిలో కాయిల్ వెలిగించడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర పెట్టుకుంటే సాయంత్రం కిటికీ తెరిచే వీలు కూడా కలుగుతుంది. పూజ మానమని చెప్పడం లేదు. అగరుబత్తిని, సాంబ్రాణి ధూపాన్ని బాల్కనీకి మార్చండి, ఆ కాసేపు బాబును లోపలి గదిలో ఉంచండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలుస్తుంటే బాల్కనీ కూడా పనికిరాదు.

వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను పొయ్యి వెలిగించకముందే వేసి, వంట అయ్యాక మరో పావుగంట నడవనివ్వండి. గొట్టం బయటికి లేని చిమ్నీ అయితే కొంత జిడ్డును పట్టినా, గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌ను బయటికి పంపలేదు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి చల్లబరుస్తుంది తప్ప మామూలుగా బయటి గాలిని తీసుకురాదు కనుక, పడుకునే ముందు, లేచాక కాసేపు కిటికీలు తీయండి.

మీటర్‌కు అందని సంగతులూ ఉన్నాయి. స్నానాల గదిని ఆనుకున్న గోడ చెమ్మగా ఉందేమో, బీరువా వెనక నల్లటి బూజు పట్టిందేమో చూడండి. లీకేజీ ఆపకుండా పైన రంగు వేయిస్తే బూజు మళ్లీ వస్తుంది. పరుపుల్లో ఉండే డస్ట్ మైట్లు అనే కంటికి కనిపించని పురుగులు చాలామంది పిల్లల్లో ఆస్తమాను రేపుతాయి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికించండి, పొడి చీపురుకు బదులు తడిగుడ్డతో తుడిపించండి. మూసి ఉన్న స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉంటే దాన్ని వెంటనే బయటికి మార్పించండి. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది, ధూళి కొలిచే మీటర్ దాన్ని పసిగట్టదు.

ల్యాబ్ పరీక్ష ప్రస్తుతానికి అక్కర్లేదు. బూజు కంటికి కనిపిస్తున్నప్పుడు అది ఏ జాతిదో తెలుసుకున్నా చేయాల్సిన పని మారదు.

ఇవన్నీ చేశాక కూడా బయటి ధూళి వల్ల అంకె దిగకపోతే అప్పుడు ప్యూరిఫయర్ కొనండి. సూక్ష్మ ధూళిని పట్టి ఉంచే హెపా ఫిల్టర్ ఉన్నదే తీసుకోండి. ఓజోన్ విడుదల చేసేవి ఊపిరితిత్తులకు చేటు. పది అడుగుల ఎత్తున్న 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గదిలో గాలిని గంటకు ఐదుసార్లు వడకట్టాలంటే పెట్టె మీద రాసిన సీఏడీఆర్, అంటే అది ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె, గంటకు కనీసం 170 ఘనపు మీటర్లు ఉండాలి. గాలిని శుభ్రం చేస్తాయని కుండీల్లో మొక్కలు కొనేవారున్నారు, అందానికైతే సరే.

మీటర్‌లో అంకె తగ్గిందని ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. వచ్చేసారి డాక్టరు ముందే, స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంతో) బాబు మందు ఎలా పీలుస్తున్నాడో చూపించండి. చాలామంది పిల్లల్లో లోపం అక్కడే ఉంటుంది. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతున్నా, ఆయాసంతో మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా రిలీవర్ (వెంటనే ఉపశమనమిచ్చే) ఇన్‌హేలర్ ఇస్తూనే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.