క్రూడ్ కొనబోతున్న మా చిన్నోడికి

చి. చిన్నోడికి, పెదనాన్న ఆశీస్సులు.

పశ్చిమాసియా గొడవల వల్ల క్రూడ్, అంటే ముడి చమురు ధర పెరుగుతుందని, సరుకుల ఎక్స్ఛేంజ్ ఎమ్‌సీఎక్స్‌లో ఒక లాట్ కొంటానని, పనిలో పనిగా నేచురల్ గ్యాస్ కూడా తీసుకుంటానని అన్నావట. మీ అమ్మ చెప్పింది. నీ అంచనా తప్పని నేననను. అంచనా నిజమైనా నీ చేతికి డబ్బు రాకపోవచ్చు, నా టెన్షన్ అదీ.

యుద్ధం వార్తకి పెరిగిన ధర నిలబడుతుందని నమ్మకు. ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలయ్యాక, 2022 మార్చిలో ప్రపంచ మార్కెట్ ప్రమాణంగా చూసే బ్రెంట్ క్రూడ్ బ్యారెల్ 139 డాలర్లు తాకింది. యుద్ధం ఆగలేదు, అయినా డిసెంబరుకి 80 కిందికి దిగింది.

లాట్ అంటే 100 బ్యారెళ్లు. మార్జిన్ అని ముందు కట్టే బయానా ఎంతైనా, నష్టం మొత్తం సరుకు మీద వస్తుంది. 2020 ఏప్రిల్ 20 సంగతి తెలుసుకో. లాక్‌డౌన్ వల్ల మన దగ్గర ట్రేడింగ్ సాయంత్రం ఐదింటికే ఆపేసేవారు. ఆ రోజే ఎక్స్‌పైరీ, అంటే కాంట్రాక్టు గడువు తీరే రోజు, చివరి ధర బ్యారెల్‌కి 965 రూపాయలు. మన మార్కెట్ మూసేశాక అమెరికాలో క్రూడ్ మే కాంట్రాక్టు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది, అంటే అమ్మేవాడే ఎదురు డబ్బు ఇవ్వాలన్నమాట. అక్కడ సరుకు అందించే కుషింగ్ ఊరి ట్యాంకుల్లో నూనె పోయడానికి చోటే కరువైంది మరి. ఇక్కడ దాన్నే రూపాయల్లోకి మార్చి మైనస్ 2,884 రూపాయలకు సెటిల్ చేశారు. ఇంతకన్నా ఏం పడుతుందిలే అని 965కి ఒక్క లాట్ కొన్నవాళ్లకి పోయింది 3,84,900 రూపాయలు. రెండు మూడు నెలల్లో క్రూడ్ మళ్లీ 40 డాలర్లకు వచ్చింది, కానీ వాళ్ల కాంట్రాక్టు అప్పటికే ముగిసిపోయింది.

గ్యాస్ జోలికి మాత్రం అసలు పోవద్దు. ఎమ్‌సీఎక్స్ గ్యాస్ నడిచేది అమెరికాలో లూసియానాలోని హెన్రీ హబ్ అనే గ్యాస్ పైప్‌లైన్ల కూడలి ధరను బట్టి. అక్కడి చలి, అక్కడి నిల్వలే లెక్క. కేజీ బేసిన్‌లో బావి దొరికిందన్న వార్త దానికి పట్టదు. 2022 జూన్‌లో టెక్సస్‌లోని ఫ్రీపోర్ట్ ఎల్ఎన్‌జీ (ఓడల్లో పంపే ద్రవ గ్యాస్) ప్లాంటులో పేలుడు జరిగితే ఎగుమతులు ఆగాయి. గ్యాస్ అమెరికాలోనే మిగిలి అక్కడ ధర పడింది, అది అందని యూరప్‌లో పెరిగింది. మళ్లీ పెరిగి ఆ ఆగస్టులో యూనిట్‌కి 10 డాలర్ల దరిదాపులకి వచ్చిన హెన్రీ హబ్ ధర, 2024 ఫిబ్రవరికి 2 డాలర్ల కింద ఉంది.

చమురు కంపెనీల షేర్లు నయమే, కానీ వాటిలోనూ ప్రభుత్వం చెయ్యి ఉంటుంది. క్రూడ్ మండిపోతున్నప్పుడు 2022 జులైలో విండ్‌ఫాల్ పన్ను (అనుకోకుండా కలిసొచ్చిన లాభం మీద పన్ను) వేసి, చమురు తీసే ఓఎన్‌జీసీ లాభంలో వాటా తీసుకున్నారు, 2024 డిసెంబరులో ఎత్తేశారు. ఆ కంపెనీ పాత క్షేత్రాల గ్యాస్‌కి 2023 ఏప్రిల్ నుంచి ధర మన క్రూడ్ బాస్కెట్ (మన దేశం కొనే క్రూడ్ సగటు ధర)లో పదో వంతు, దానికీ యూనిట్‌కి 6.5 డాలర్ల పరిమితి పెట్టి మొదలుపెట్టారు. ఇక క్రూడ్ కొని పెట్రోలు, డీజిలు అమ్మే హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్, ఐఓసీలకి క్రూడ్ పెరగడమే కష్టం. 2022లో బంకు ధరలు కదపకపోవడంతో నష్టపోయారు, 2023-24లో రికార్డు లాభాలు చూశారు.

అందుకని, ఐదేళ్లు అవసరం పడని డబ్బుంటే షేర్లలో కొద్దికొద్దిగా పెట్టు. ఈఎంఐ డబ్బు ముట్టుకోవద్దు. క్రూడే కావాలంటే పది బ్యారెళ్ల మినీ చూడు, ఎక్స్‌పైరీ వారంలోకి పోకుండా ముందే బయటపడు. బుధవారం రాత్రి అమెరికా నిల్వల లెక్కలు వస్తాయి, ఆ వేళకి కొన్న కాంట్రాక్టు అమ్మకుండా అలాగే ఉంచి పడుకోకు. ఆర్డర్ పెట్టేముందు ఒక్కసారి ఫోన్ చెయ్యి నాన్నా, ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

మీ పెదనాన్న