జాయినింగ్‌కి ముందు సిబిల్ సంగతి

బరంపురం

చి. స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

బ్యాంకు పరీక్ష నెగ్గావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. స్వీట్లు తర్వాత పంచుదువు గాని, ముందు నీ సిబిల్ రిపోర్టు, అంటే నీ అప్పుల చరిత్ర చెప్పే కాగితం, తియ్యి.

అప్పు గానీ క్రెడిట్ కార్డు బాకీ గానీ ఎగ్గొట్టిన రికార్డు ఉన్నవాళ్లు నియామకానికి అర్హులు కారని స్టేట్ బ్యాంకు తన నోటిఫికేషన్లలోనే రాస్తూ వచ్చింది; నీ నోటిఫికేషన్‌లో ఏముందో చదువుకో. ఐబీపీఎస్ అనే సంస్థ పరీక్ష పెట్టి ఎంపిక చేసే మిగతా ప్రభుత్వ బ్యాంకుల్లో కాస్త వెసులుబాటు ఉంది: చేరే తేదీలోగా సిబిల్ సరిచేయించుకోవాలి, లేదా బాకీ లేదని అప్పిచ్చినవాళ్ల దగ్గర కాగితం తేవాలి. రెండూ లేకపోతే ఆఫర్ లెటర్ రద్దయ్యే ప్రమాదం ఉంది. 'ఈలోగా కట్టేస్తే సరిపోదా?' అంటాడు మీ నాన్న. అన్నిచోట్లా సరిపోదు. బాకీలన్నీ తీర్చేశానని వాదించిన ఒక అభ్యర్థి విషయంలో, పాత చరిత్ర చూసి స్టేట్ బ్యాంకు నియామకం రద్దు చేయడాన్ని మద్రాసు హైకోర్టు 2025లో సమర్థించింది.

ఈ రిపోర్టులిచ్చే సంస్థలు సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బులడిగే యాప్‌ల జోలికి పోకు.

అందరూ స్కోరు చూసి రిపోర్టు మూసేస్తారు. నువ్వు ఒక్కో లోను కింద నెలవారీ గళ్లు చూడు. 36 నెలలవి ఉంటాయి. వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో అందులో ఉంటుంది. 000 అన్నా ఎస్‌టీడీ (స్టాండర్డ్) అన్నా మంచిదే. 030 అంటే నెల రోజులు ఆలస్యం. 90 దాటిందంటే మొండిబాకీ కింద లెక్క. నీ ఎడ్యుకేషన్ లోనులో ఇక్కడే తేడా వస్తుంది: చదువైన ఏడాదికి వాయిదాలు మొదలవుతాయి, ఉత్తరం పాత అడ్రసుకి పోతుంది, మూణ్ణెల్లు ఎవరూ కట్టరు. ఆ మరక నీకూ, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన మీ నాన్నకూ పడుతుంది. నువ్వు ఎవరికైనా జామీను ఉంటే అదీ నీ రిపోర్టులోనే కనిపిస్తుంది.

రికవరీవాళ్లు '40 వేలకి 15 వేలు కట్టండి, క్లోజ్ చేసేస్తాం' అంటారు. క్లోజ్ కాదు, రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. చూసేవాడికి దాని అర్థం: పూర్తిగా కట్టలేదు. ఇప్పటికే అలా పడి ఉంటే మిగతాది కూడా కట్టి, 'క్లోజ్డ్'గా మార్చమని బ్యాంకుకి రాతపూర్వకంగా అర్జీ పెట్టు.

నీది కాని అప్పు కనిపిస్తే కంగారు పడకు. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకో దాంట్లో చివర. మన పేర్లకి ఈ తిప్పలు మామూలే. రిపోర్టు మీదున్న కంట్రోల్ నంబరుతో ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ (తప్పు ఉందని ఫిర్యాదు) వెయ్యి. 30 రోజుల్లో తేల్చాలి; దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం. బ్యాంకు ఒప్పుకోకుండా సిబిల్‌వాళ్లు తమంతట తాము అక్షరం మార్చరు, కాబట్టి అదే రోజు బ్రాంచికీ అర్జీ ఇచ్చి రసీదు తీసుకో.

ప్రామిసరీ నోటు మీద షావుకారు దగ్గర తెచ్చిన అప్పు సిబిల్‌లో రాదు. కానీ చెక్కు ఇచ్చి అది బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు పడొచ్చు. పోలీసు వెరిఫికేషన్ కోసం నింపే అటెస్టేషన్ ఫారంలో కేసుల సంగతి అడుగుతారు. ఉంటే ఉందని రాసెయ్యి. దాచినట్టు తేలితే కేసు కన్నా ఆ దాపరికమే ఎక్కువ చేటు చేస్తుంది.

మీ గుణుపురంలో పాత ఉత్కళ్ గ్రామీణ బ్యాంకు లోను ఏదైనా ఉంటే, ఆ బ్యాంకు 2025 మే 1 నుంచి ఒడిశా గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. బాకీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ కొత్త పేరుతోనే తీసుకో. దాని మీద లోన్ అకౌంటు నంబరు, మూసిన తేదీ, స్టాంపు ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకుని బయటికి రా.

మీ పెదనాన్న