మావాడి కోసం చెన్నైలో ఇల్లు తీసుకోనా?

ప్రశ్న: అమ్మగారూ, మాది ఒంగోలు దగ్గర పల్లె. మా ఆయన పొగాకు, శనగ వేస్తారు. మా బాబు చెన్నై అవతల గూడువాంచేరి దగ్గర హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఇంటర్లో 960 మార్కులు తెచ్చుకున్న పిల్లాడు, మొదటి సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నాడు. అటెండెన్స్ తక్కువగా ఉందని కాలేజీ నుంచి మెసేజ్ వచ్చేదాకా మాకు తెలీదు. రోజుకు నాలుగైదుసార్లు ఫోన్ చేస్తాను. ఎప్పుడు అడిగినా "తిన్నాను, క్లాసుకి వెళ్లాను" అంటాడు. అక్కడే చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని వండిపెడుతూ ఉంటే దారిలో పడతాడని మా అక్క అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వెళ్లనా?
ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: ఇల్లు తీసుకోవద్దమ్మా. ఒకసారి వెళ్లి చూసి రండి, అది వేరే సంగతి.

ఆ 960 మార్కులు ఎలా వచ్చాయో గుర్తు చేసుకోండి. మన వైపు పిల్లలు చాలామందిలాగే మీవాడూ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో ఉండే ఉంటాడు. తెల్లవారకముందే ఎవరో తలుపు కొట్టి లేపుతారు. స్టడీ అవర్‌లో కూర్చోబెడతారు. ఎప్పుడు తినాలో, ఏ పూట ఏ పుస్తకం తెరవాలో, రాత్రి ఎన్నింటికి పడుకోవాలో అన్నీ ఇంకొకరే చూస్తారు. ఆదివారం కూడా పరీక్ష ఉంటుంది. పిల్లాడు ఎంతో కష్టపడ్డాడు, అందులో సందేహం లేదు. కానీ "ఈవేళ నేనేం చెయ్యాలి" అని తనంతట తాను ఆలోచించుకోవలసిన అవసరం ఆ రెండేళ్లలో అతనికి రాలేదు. అలాంటి పిల్లాణ్ని తెచ్చి ఎవరూ లేపని గదిలో దింపాం. పొద్దున క్లాసుకు వెళ్లినా, దుప్పటి ముసుగేసుకున్నా అడిగేవాళ్లు లేరు.

నేను చెన్నైలో కాలేజీ హాస్టల్ వార్డెన్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. రోజూ ఇంటి నుంచి బస్సులో వెళ్లి ప్లస్ టూ (మన ఇంటర్ లాంటిదే) చదివిన స్థానికుల పిల్లలు, లెక్కల్లో మన పిల్లలకంటే వెనకబడి ఉన్నా, బ్యాంకుకి వెళ్లి పని చేసుకొచ్చేవాళ్లు. జ్వరం వస్తే తామే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు. మన పిల్లలు నా గది ముందుకొచ్చి "మేడమ్, ఇప్పుడు ఏం చెయ్యాలి" అని నిలబడేవాళ్లు. తెలివితక్కువై కాదు. ఎవరూ వాళ్లను ఒక పని మీద ఒంటరిగా పంపలేదు, అంతే.

తర్వాత జరిగేది కూడా నాకు తెలుసు. మొదటి నెల కొత్త ఊరు, కొత్త స్నేహాలు. ఆ పైన మొదటి ఇంటర్నల్ పరీక్షలో ఎన్నడూ చూడనన్ని తక్కువ మార్కులు వస్తాయి. ఫస్టొచ్చే పిల్లాడికి అది పెద్ద సిగ్గు. క్లాసులో లేపి అడుగుతారేమోనని వెళ్లడం మానేస్తాడు, మానేసిన కొద్దీ పాఠం ఇంకా అర్థం కాదు. ఇది ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక "వెళ్లాను" అంటాడు. రోజుకు నాలుగైదుసార్లు అదే ప్రశ్న అడిగితే అదే జవాబు వస్తుందమ్మా. అతను మోసగాడైపోయాడని భయపడకండి.

మీరు వెళ్లి అక్కడే ఉంటే లేస్తాడు, తింటాడు, క్లాసుకీ వెళతాడు. ఎందుకంటే మీరు లేపుతారు. నాలుగేళ్ల తర్వాత పుణేలోనో బెంగళూరులోనో ఉద్యోగం వస్తే మళ్లీ ఎవరు లేపాలి? చెన్నైలో ఇల్లంటే అడ్వాన్సే చాలా నెలల అద్దె అడుగుతారు. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల కాలంలో రాత్రీ పగలూ కాపలా ఉండే మీ ఆయనకి ఇంటి దగ్గర మనిషి ఉండక్కర్లేదా? ఇది కూడా ఆలోచించండి.

ఇక చెయ్యాల్సింది చెబుతాను. ఒంగోల్లో పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్లో దిగుతారు. ఎదురుగానే పార్క్ స్టేషన్, అక్కడ చెంగల్పట్టు లోకల్ ఎక్కితే గూడువాంచేరి. దిగగానే హాస్టల్ గది తనిఖీ చెయ్యకండి. బయట ఎక్కడైనా కూర్చుని, ఇద్దరూ తిన్నాక, అతని ఫోన్లో కాలేజీ పోర్టల్ తెరిచి అటెండెన్స్ చూపించమనండి. చాలా కాలేజీల్లో 75 శాతం ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. పోయిన ఆ రెండు సబ్జెక్టులు (వీటినే అరియర్లు అంటారు) మళ్లీ రాసుకోవచ్చు, వాటికంటే ముందు చూసుకోవాల్సింది ఈ 75 శాతం. ఇంకా ఎన్ని క్లాసులకు వెళితే అక్కడికి చేరతాడో అతన్నే లెక్క వెయ్యమనండి. అతని చదువు సంగతి చూసే లెక్చరరు, అంటే ఫ్యాకల్టీ అడ్వైజర్ దగ్గరికి కూడా అతనే వెళ్లి మాట్లాడాలి. మీరు బయట బెంచీ మీద ఉండండి. లోపలికి వెళ్లి మీరు బతిమాలితే, ఆ మాటలు మాట్లాడటం అతనికి ఎప్పటికీ రాదు. అరియర్ ఫీజు గడువు తెలుసుకోవడం, కట్టడం కూడా అతని పనే.

డబ్బు విషయం ఇంకా ముఖ్యం. అడిగినప్పుడల్లా రెండొందలు, మూడొందలు ఫోన్‌పేలో పంపుతూ ఉంటే ఆ అలవాటు ఆపండి. నెలకు ఎంత కావాలో అతన్నే కాగితం మీద రాయమనండి. రీఛార్జి, లోకల్ రైలు, జిరాక్సులు, పైఖర్చు అన్నీ కలిపి ఒకటో తారీఖున ఒక్కసారే వెయ్యండి. ఇరవయ్యో తేదీకే అయిపోతే మిగతా పది రోజులు మెస్ భోజనంతో గడుపుకుంటాడు. మీ మనసు ఊరుకోదని తెలుసు, అయినా పంపకండి. ఆస్పత్రి ఖర్చు మాత్రం ఇందులో కలపొద్దు.

రోజుకు ఒక ఫోన్ చాలు, రాత్రి భోజనాలయ్యాక. ఇంటి సంగతులు దాచకుండా చెప్పండి: శనగ ధర ఎలా ఉంది, బ్యాంకులో పంట రుణం రెన్యువల్ ఎప్పుడు. ఆ రెన్యువల్ తేదీ గుర్తుంచుకుని నాన్నకు చెప్పే బాధ్యత అతనికే ఇవ్వండి. చదువుకునే పిల్లాడికి ఇవన్నీ ఎందుకు అనుకుంటాం గానీ, ఇంట్లో తన మాట మీద ఒక పని నడుస్తోందంటే పిల్లాడు నిటారుగా నిలబడతాడు. నేను చూసిన పిల్లల్లో తొందరగా తేరుకున్నవాళ్లు ఇలాంటివాళ్లే.

ఒక్క విషయంలో మాత్రం నా సలహా పక్కన పెట్టండి. పగలంతా పడుకునే ఉంటున్నాడనీ, తిండి, స్నానం మానేశాడనీ, స్నేహితులతో కూడా మాట్లాడటం లేదనీ తెలిస్తే దాన్ని బద్ధకం అనుకోకండి. వెంటనే వెళ్లి అతనితోనే ఉండండి, డాక్టరుకి చూపించండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీరైనా చెయ్యొచ్చు, అతనైనా చెయ్యొచ్చు.

ప్రశ్న: నాకు 19. చెన్నైలో బీటెక్ చదువుతున్నాను. నాన్న బ్యాంకులో నా చదువుకు లోను తీసుకున్నారు. నేనూ సంతకాలు పెట్టాను. ఎంత, ఎప్పటి నుంచి కట్టాలి అంటే "నువ్వు చదువుకో తల్లీ, అవన్నీ నీకెందుకు" అంటారు. అడగడం తప్పా?
ఒక విద్యార్థిని, తాంబరం

జవాబు: తప్పు ఎందుకవుతుందమ్మా, ఆ లోను నీ పేరు మీద ఉంది. మామూలుగా విద్యార్థే రుణగ్రహీత, తల్లో తండ్రో సహ రుణగ్రహీత. వాయిదాలు తప్పితే సిబిల్ స్కోరు, అంటే అప్పు సరిగ్గా కడతారో లేదో బ్యాంకులు చూసే మార్కు, ఇద్దరిదీ పడిపోతుంది. బ్యాంకు ఇచ్చిన శాంక్షన్ లెటర్ (లోను మంజూరు పత్రం) కాపీ నీ దగ్గర పెట్టుకో. అందులో మొత్తం, వడ్డీ రేటు, కట్టడం మొదలయ్యే సమయం రాసి ఉంటాయి. చాలా బ్యాంకుల్లో కోర్సు అయ్యాక ఒక ఏడాది వరకు వాయిదాలు ఉండవు. వడ్డీ మాత్రం డబ్బు విడుదలైన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. చదువుకునే రోజుల్లోనే ఆ వడ్డీ కొంచెం కొంచెం కట్టగలిగితే తర్వాత భారం తగ్గుతుంది. ఇల్లో పొలమో తాకట్టు పెట్టారేమో కూడా చూడు.

నాన్నని లెక్క అడిగినట్టు అడక్కు. "నాకు జీతం వచ్చాక నెలకు ఎంత పక్కన పెట్టాలో ఇప్పుడే తెలుసుకోవాలని ఉంది నాన్నా" అను. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, బ్యాంకు తెరిచి ఉన్న రోజు చూసుకుని, ఇద్దరూ కలిసి వెళ్లండి.

ప్రశ్న: మా గదిలో అందరం తెలుగువాళ్లమే, క్లాసు ఇంగ్లీషులో. తమిళం నేర్చుకోవడం అవసరమా మేడమ్?
ఒక విద్యార్థి, పొత్తేరి

జవాబు: అవసరమే. నాలుగేళ్లు ఉండబోయే ఊరు. నీ గదిలో ఒకడికి అర్ధరాత్రి జ్వరం ముదిరితే ఆటో అన్నకూ, ఆస్పత్రిలో నర్సమ్మకూ చెప్పాల్సింది నువ్వే. తమిళంలో అచ్చులు 12, హల్లులు 18. క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. బస్సు బోర్డులు చదవడంతో మొదలుపెట్టు. మెస్‌లో వడ్డించే అక్కతో రోజూ తమిళంలోనే మాట్లాడు, తప్పులు ఆవిడే దిద్దుతుంది.