మూడోసారి నిలబడే ముందు

తమ్మీ,

రెండుసార్లు ఓడాక పంచాయతీ ఎన్నికల్లో మూడోసారి నిలబడాలా వద్దా అని అడిగావు. నిలబడు. కాకపోతే అది ఐదేళ్ల తర్వాతి మాట. ఈ నెలలో తెమలాల్సిన పని ఒకటుంది, ముందు అది చూడు.

ఖర్చుల లెక్క ఇచ్చావా? తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో మీ విడత పోలింగ్ 2025 డిసెంబర్ 17న జరిగింది, ఫలితం కూడా ఆ రోజే చెప్పారు. అక్కణ్నుంచి 45 రోజులంటే జనవరి 31తో గడువు తీరుతుంది. గెలిచినవాళ్లు పదవి పోతుందన్న భయంతో ఎట్లాగైనా ఇస్తారు. ఓడినవాళ్లే ‘‘పోయిన పైసలకు ఇంకా లెక్కేంది’’ అని వదిలేస్తారు. లెక్క ఇవ్వనివాళ్ల మీద ఎన్నికల సంఘం మూడేళ్ల అనర్హత వేటు వేస్తుంది. మూడేళ్లేగా అనుకోకు. ఈలోగా ఏ వార్డైనా ఖాళీ అయి ఉప ఎన్నిక వస్తే నువ్వు బయటే నిలబడి చూడాలి. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచి అభ్యర్థికి పరిమితి లక్షన్నర, వార్డుకు 30 వేలు. ఐదు వేలు దాటితే రెండున్నర లక్షలు, 50 వేలు. మైకు, ఆటో, కరపత్రాలు, చాయ్, అన్నిటికీ తేదీ వేసి బిల్లులు జతచేసి ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వు. ముద్ర వేసిన రసీదు చేతికి రాకుండా అక్కణ్నుంచి కదలకు. ‘‘పెట్టిపోండి, చూస్తాం’’ అంటే ఇచ్చినట్టు కాదు.

ఇక ఓటమి సంగతి. ‘‘ఇంత సేవ చేస్తే జనం మోసం చేశారు’’ అని నీ పక్కన కూర్చున్నవాళ్లు అంటున్నారట. ఆ మాట నీ నోటి నుంచి ఎవరూ వినకూడదు. పైగా అది నిజం కూడా కాదు. రాత్రి రెండింటికి ఫోన్ చేసినా బండి తీసుకుని వస్తావు, రక్తం కావాలంటే మనుషుల్ని తెస్తావు, పింఛను కాగితాలు రాసి పెడతావు. ఊళ్లో అందరికీ తెలుసు. దానితోపాటు ఇంకోటి కూడా తెలుసు: ‘‘గెలిచినా గెలవకున్నా ఆ పిలగాడు చేస్తనే ఉంటడు.’’ నీకు ఓటు వెయ్యకపోతే వాళ్లకు తగ్గేదేమీ లేదు. అవతలివాడికి వెయ్యకపోతే మాత్రం రేపు చెలక దారి దగ్గరో, ఇంటి నంబరు దగ్గరో అడ్డం పడతాడేమోనని భయం. ఉచితంగా దొరికే మనిషికి దండం పెడతారు, అవసరం పడే మనిషికి ఓటు వేస్తారు. ఇందులో ద్రోహం ఏమీ లేదు, లెక్క ఉంది. ఆ లెక్క నువ్వు వెయ్యలేదు.

కాబట్టి వచ్చేసారి సర్పంచి కాదు, మళ్లీ వార్డుకే నిలబడు. వెనక్కి పోయినట్టు ఉంటుందని నామోషీ పడకు. సర్పంచి పదవి ఏ వర్గానికి, మహిళకా జనరలా అన్నది ఎన్నికల ముందు గానీ తేలదు; సగం సీట్లు మహిళలకే పోతాయి. ఐదేళ్లు ఊరంతా తిరిగి, చివరికి రిజర్వేషన్ మారిందని ఇంట్లోవాళ్లను నిలబెట్టి వెనక నుంచి నడిపిద్దామని చూసేవాళ్లు మనకు తెలిసిందే. ఆ పని నువ్వు చెయ్యకు. వార్డుకూ రిజర్వేషన్ ఉంటుంది కానీ ఊళ్లో నీకు సరిపడే వార్డులు రెండు మూడు దొరుకుతాయి. ఊరి ఓటరు జాబితాలో పేరుంటే ఏ వార్డులోనైనా నిలబడొచ్చు, ప్రతిపాదకుడు మాత్రం ఆ వార్డు ఓటరై ఉండాలి. పైగా వార్డు సభ్యుల్లోంచే ఉపసర్పంచిని ఎన్నుకుంటారు, పంచాయతీ చెక్కు మీద సర్పంచితోపాటు ఉపసర్పంచి సంతకం కూడా పడాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. అది చిన్న కుర్చీ కాదు. ఎంపీటీసీ, అంటే మండల పరిషత్ సభ్యుడి పదవి వైపు ఎవరైనా లాగితే ఆలోచించు. అక్కడ పార్టీ గుర్తులు, మూడు నాలుగు వేల జనాభా. పార్టీ టికెట్ కాగితం, బీ-ఫారం, చేతిలో లేకుండా దిగితే డిపాజిట్ కూడా చిక్కదు.

ఇప్పుడు జాబితా. వార్డుల వారీ ఓటర్ల జాబితా తీసుకుని, ఒక్కో ఇంటికి నోటుబుక్కులో ఒక్కో పేజీ పెట్టు. 180 ఓట్ల వార్డంటే యాభై అరవై ఇళ్లు. 150 మంది వచ్చి, నాలుగు చెల్లకుండా పోతే మిగిలేవి 146. ముగ్గురు పోటీలో ఉంటే 55, 60 దగ్గర గెలుపు తేలుతుంది. అంటే ఓ ఇరవై ఇళ్లు పూర్తిగా నీవి కావాలి. 146లో ఆరో వంతు, 25 ఓట్లు వస్తే డిపాజిట్ దక్కుతుంది. నువ్వు ఊరంతటికీ చేసిన సేవలో ఈ అరవై ఇళ్లకు చేరింది ఎంతో ఆ పేజీల్లో రాసి చూడు. సగం పేజీలు ఖాళీగా ఉంటాయి. ఓటమి అక్కడుంది.

జాబితాలో తప్పులు ఇప్పుడే పట్టు. పంచాయతీ జాబితా విడిగా పుట్టదు, అసెంబ్లీ జాబితాను వార్డులుగా విడగొట్టి తయారు చేస్తారు. కొత్త పేరు ఎక్కాలంటే ఫారం 6 పెట్టి అసెంబ్లీ జాబితాలోనే ఎక్కించాలి. పద్దెనిమిది నిండిన పిల్లలకు ఏడాదిలో నాలుగు తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటి. పెళ్లయి వచ్చిన కోడళ్లకు, ఇల్లు మారినవాళ్లకు ఫారం 8. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే లాభం లేదు. వార్డులు విడగొట్టేటప్పుడు ఒకే ఇంట్లో భర్త ఓటు మూడో వార్డులో, భార్య ఓటు ఐదో వార్డులో పడటం మామూలే. ముసాయిదా జాబితా గోడకు అంటించాక అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే. నోటుబుక్కు ముందే సిద్ధంగా ఉంటే ఆ ఇళ్ల పేర్లు అదే రోజు రాసి ఇవ్వగలవు.

అడగడం నీకు రాదు. కోపం తెచ్చుకోకు, సేవ చేసే చాలామందికి రాదు. ‘‘నేను చేసింది వాళ్లకు తెలుసు, మళ్లీ అడగాలా’’ అని మొహమాటం. అడగాలి. ఇంటికి పోయి, కూర్చుని, ‘‘అత్తా, నీ ఓటు నాకు కావాలె’’ అని మాట తేల్చి అడగాలి. గుంపుతో పోతే జవాబు గుంపుకే చెబుతారు. ఒక్కడివే పో, లేదా ఆ ఇంటికి నచ్చిన మనిషి ఒకర్ని వెంట తీసుకో. జవాబులు వినడం నేర్చుకో. ‘‘నీకు కాకుంటే ఎవలకేస్తం’’ అని నలుగురి ముందు గట్టిగా అన్నది లెక్కలోకి రాదు. ‘‘చూద్దాం తియ్ తమ్మీ’’ అంటే లేదని. ‘‘మా పెద్దాయనను అడుగు’’ అంటే ఆ ఇంటి నాలుగు ఓట్లూ ఆయన దగ్గరున్నాయని. ఆ సాయంత్రమే పోయి ఆయన్ని కలవాలి. ఆరా తీసేవాళ్లు, ‘‘గెలిస్తే మా గల్లీ మోరీ సంగతేంది?’’ అని నిలదీసేవాళ్లు, వాళ్లే నిజంగా ఆలోచిస్తున్నవాళ్లు. వాళ్ల దగ్గర ఇంకో పావుగంట కూర్చో. నోటుబుక్కులో ఒక్కో పేరు పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టు: ఖాయం, అనుమానం, కాదు. అనుమానాన్ని ఖాయంలో కలిపినవాడే కౌంటింగ్ రోజు బిత్తరపోతాడు.

పట్నంలో, భీవండిలో, సూరత్‌లో ఉన్నవాళ్ల పేజీలకు మూల మడిచి పెట్టు. వాళ్లకు పదిహేను రోజుల ముందే ఫోన్ చెయ్యాలి, అదీ ఇంట్లోవాళ్ల చేత. నువ్వు బండి పెట్టి తెప్పించకు. ఓటర్లకు వాహనం సమకూర్చడం నేరం, అవతలివాళ్లు వీడియో తీసి పట్టుకుని ఉంటారు.

మధ్యలో వచ్చే ఈ నాలుగైదేళ్లు ఏం చెయ్యాలంటే, సేవ కొంచెం తగ్గించి పంచాయతీ పని నేర్చుకో. రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలని 2018 చట్టం చెబుతోంది. ప్రతి సభకూ పో, ఒక్క సమస్య మాత్రమే లేవనెత్తు, అది తీర్మానాల పుస్తకంలో ఎక్కిందో లేదో చూసి రా. పంచాయతీ స్థాయిలో సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు కూడా లేదు. ఆర్థిక సంఘం నిధులు ఎన్ని వచ్చాయి, ట్రాక్టరు డీజిలుకు ఎంత పోయింది, వీధిలైట్లకు ఎంత పోయింది, అడిగి రాసిపెట్టుకో. మోరీ సంగతి అడిగిన ఇంటికి ‘‘చేయిస్తా’’ అని కాకుండా, ‘‘నలభై మీటర్ల పని, ఫలానా నిధిలోంచి చెయ్యొచ్చు, రెండు సభల్లో అడిగిన’’ అని చెప్పగలిగినవాడిని జనం వేరే కళ్లతో చూస్తారు.

నామినేషన్ గురించి ఎక్కువ చెప్పను, నీకు అలవాటే. వార్డుకు డిపాజిట్ 500, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 250. పంచాయతీ పన్ను బకాయి తీర్చిన రసీదు, కులధ్రువపత్రం, స్వీయ ప్రకటన మీద సాక్షుల సంతకాలు, ఖర్చులకు విడిగా తెరిచిన బ్యాంకు ఖాతా. ఖాళీ గడి ఏదీ వదలకు, వర్తించకపోతే ‘లేదు’ అని రాయి. చివరి రోజు దాకా ఆగకు. మొదటి రోజే వేస్తే తప్పు దిద్దుకుని రెండో సెట్ వేసే వీలుంటుంది. పరిశీలనలో కొట్టేస్తే మర్నాడే ఆర్డీవోకు అప్పీలు చేసుకోవాలి, ఆ ఒక్కరోజే గడువు. ఇంకో మాట: ‘‘ఈసారి తప్పుకో, వచ్చేసారి నిన్నే ఏకగ్రీవం చేస్తం’’ అని పెద్దమనుషులు వస్తారు. రెండుసార్లు ఓడినవాడి దగ్గరికి తప్పకుండా వస్తారు. విత్‌డ్రా కాగితం ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకునే దారి లేదు. ఖాళీ కాగితాల మీద సంతకం చేసి ఎవరి చేతికీ ఇవ్వకు, నీ ప్రతిపాదకుడికి కూడా.

అసలు నీలాంటి మళ్లీ మళ్లీ నిలబడేవాళ్లను ముంచేది గుర్తు. పంచాయతీ బ్యాలెట్ మీద నీ పేరుండదు, ఫొటో ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. ఆ గుర్తు నువ్వు కోరుకున్నది కాదు. ఉపసంహరణలు అయ్యాక మిగిలినవాళ్ల పేర్లను తెలుగు అక్షరాల వరుసలో పెట్టి, సంఘం జాబితాలోని గుర్తుల్ని అదే వరుసలో పంచుతారు. ఒకసారి గ్యాస్ పొయ్యి వస్తే ఇంకోసారి బీరువా వస్తుంది. నువ్వు పోయినసారి ఊరంతా తిరిగి నేర్పిన గ్యాస్ పొయ్యి ఇప్పుడు నీ ఎదుటివాడిది. ముసలవ్వ లోపలికి పోయి, నీ మీద ప్రేమతోనే, పాత గుర్తు మీద ముద్ర గుద్ది వస్తుంది. బయటికి వచ్చి ‘‘నీకే ఏసిన బిడ్డా’’ అంటుంది కూడా. అందుకే పాత గుర్తున్న కరపత్రాలు, క్యాలెండర్లు, గోడ రాతలు ఇప్పుడే తీసెయ్యి. ఎన్నికలు లేనప్పుడు గుర్తు మాట ఎత్తకు.

గుర్తు చేతికొచ్చాక ప్రచారానికి వారం కూడా మిగలదు. పోలింగ్ ముగిసే సమయానికి 44 గంటల ముందు, అంటే రెండు రోజుల ముందు సాయంత్రం ఐదింటికే మైకు బందు. ప్రింటింగ్ ప్రెస్సుతో ముందే మాట్లాడి, అన్నీ సిద్ధం చేయించి గుర్తు చోటు మాత్రం ఖాళీ ఉంచు. కరపత్రం మీద అచ్చువేసినవారి పేరు, కాపీల సంఖ్య ఉండాలి. నమూనా బ్యాలెట్ కొట్టిస్తే అసలుదాని రంగులో, సైజులో ఉండకూడదు. వార్డుకు తెలుపు, సర్పంచికి గులాబీ. అది పట్టుకుని ప్రతి ఇంట్లో ముసలివాళ్లకు కూర్చోబెట్టి చూపించు. తెల్లకాగితం మీద మన గుర్తు, దాని గడిలోనే ఒక్కటే ముద్ర, గీత మీద పడకూడదు, వేలిముద్ర వెయ్యకూడదు. మడత ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. అడ్డంగా ముందు మడిస్తే తడి సిరా ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది.

పోలింగ్ ఉదయం ఏడు నుంచి ఒంటిగంట దాకానే. ఏజెంటుగా మాటకారిని కాదు, వార్డులో ప్రతి మొహమూ గుర్తుపట్టే మనిషిని పెట్టు. బయట ఉన్నవాడు పదకొండుకు నోటుబుక్కు తెరిచి, ‘ఖాయం’లో ఇంకా రానివాళ్ల ఇళ్లకు మనిషిని పంపాలి. ఒంటిగంటకు లైన్‌లో ఉన్నవాళ్లకు చీటీలిస్తారు, వాళ్లను ఇంటికి పోనివ్వకు.

భోజనాలయ్యాక రెండింటికి కౌంటింగ్, ముందు వార్డుల ఓట్లు లెక్కిస్తారు. 25 చొప్పున కట్టలు కడతారు. చెల్లవని పక్కన పెట్టినవాటిని ఒక్కొక్కటిగా చూపించమని అడుగు. మడతలో అంటుకున్న సిరా అచ్చు తిరగబడి, మసకగా ఉంటుంది. అసలు ముద్ర స్పష్టంగా ఉంటే అది చెల్లే ఓటే. అక్కడికక్కడే చెప్పాలి. రీకౌంటింగ్ కావాలంటే ఫలితం ప్రకటించకముందే కాగితం మీద రాసి, కారణం చూపి ఇవ్వాలి. ప్రకటించాక అరిస్తే వినేవాడు ఉండడు. సమానంగా వస్తే చీటీ తీస్తారు. వార్డుల్లో ఇది అరుదేమీ కాదు, ఆ పక్క సందులో నువ్వు అడగని ఇల్లు ఒకటి అప్పుడు గుర్తొస్తుంది.

ఇంట్లో అప్పుల సంగతి నువ్వు రాయలేదు, నేనూ అడగను. వచ్చేసారి వార్డుకు ముప్పై వేలు దాటే అవసరం నాకైతే కనపడటం లేదు. దావత్‌లు నీకు కలిసిరావు. ఆ ఆటలో నీకంటే పెద్ద చేతులున్నాయి.

జనవరి 31 శనివారం. 30వ తేదీ లోపలే ఎంపీడీవో ఆఫీసుకు పో, రసీదు ఫొటో తీసి నాకు పంపు.

మీ అన్న