పక్క జిల్లాతో పోలిస్తే పథకం పనిచేసిందో లేదో తేలుతుందా?

"ఉపాధి హామీ వల్లే వలస తగ్గిందని, మంచి వానల వల్ల కాదని పరిశోధకులు ఎట్లా తేలుస్తారు? పథకం రాని పక్క జిల్లాతో పోలిస్తే చాలదా?" అని అడిగారు. చాలదు. అనంతపురం జిల్లా గుంతకల్లు చుట్టుపక్కల సర్వే ఫారాలు పట్టుకుని ఎండలో తిరిగినవాణ్ని, గట్టిగానే చెప్తా.

పథకం 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. మొదటి విడత 200 జిల్లాల్లో మాదీ, కడపా ఉన్నాయి. కర్నూలుకు 2007లో గానీ రాలేదు. ఒకే నేల, అదే శెనక్కాయ, అదే కరువు. జిల్లా గీతకు ఇటు పని ఉంది, అటు లేదు. పరిశోధకులకు ఇంకేం కావాల? 1992లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచితే, కార్డ్, క్రూగర్ అనే ఆర్థికవేత్తలు వేతనం పెంచని పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాతో పోల్చి ఉద్యోగాలేమీ తగ్గలేదన్నారు. అప్పటి నుంచి పీహెచ్‌డీ చేసే ప్రతి పిల్లోడికీ ఓ సరిహద్దు కావాల్సొచ్చింది.

2007 ఎండాకాలం, కర్నూలు వైపు మద్దికెర దగ్గర ఓ ఊరు. అరుగు మీద చింతపండు కొట్టి గింజలు తీస్తున్న ఒకామెను, పోయినేడు కరువు పనికి పోయినారా అని అడిగినా. "పోకుంటే ఎట్ల సార్! మా అమ్మగారిల్లు గుంతకల్లు పక్కనే గదా. చెరువులో పూడిక తీసే పని, ఆన్నే ఉండి చేసుకోనొచ్చినా. మస్టర్లో మా వదిన పేరు." పక్కన కూర్చున్న అత్త అందుకుంది: "ఈ ఊరి కోడండ్లు సగం మంది ఆ పక్కోళ్లే నాయనా." నా ఫారంలో మాత్రం అది పథకం లేని ఊరు! సూపర్‌వైజరుకు ఫోన్ చేస్తే, "దానికి గడి లేదు, 'పని చేయలేదు' అని రాసేయ్" అన్నాడు.

పని లేదనుకున్న ఊళ్లో కూడా సుగ్గికి, అంటే పనుల కోసం ఊరొదిలి పోయేవాళ్లు తగ్గితే, రెండు జిల్లాల మధ్య తేడా చిన్నదిగా కనపడి పథకం దండగని తేలుతుంది. ఇక ఆ ఫారం తయారుచేసినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. "గత మార్చిలో ఎన్ని రోజులు?" అంట. మావోళ్లకు ఉగాది ముందరా, పీర్ల పండగ తర్వాతా అని గుర్తుంటుంది గానీ మార్చి ఎవరికి కావాల?

పైగా జిల్లాల్ని చీటీ వేసి తీయలేదు, వెనకబడినవాటికే ముందిచ్చారు. కరువు ముదిరిన జిల్లాలో మరుసటేడు నాలుగు వానలు పడినా వలస తగ్గుతుంది, పథకం ఉన్నా లేకున్నా. తర్వాత కూలి చెల్లింపుకు స్మార్ట్‌కార్డులు పెట్టినప్పుడు ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ వాళ్లు 8 జిల్లాల్లో ఏ మండలాలకు ముందు, వేటికి తర్వాత అని లాటరీతో విడగొట్టారు. చుట్టుపక్కల ఎన్నిచోట్లకు కార్డులొచ్చాయో కూడా లెక్కలో కలిపారు. అది పద్ధతి.

మీరు చదివే పేపర్లో సరిహద్దు మండలాల్ని ఏం చేశారో ముందు వెతకండి. ఆ మాటే లేకుంటే మిగతా పట్టికలు చూడబాకండి.